స్టాక్‌హోమ్ నుంచి నార్డ్‌కాప్ దాకా కారులో: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

నార్డ్‌కాప్ అంటే నార్వే ఉత్తర కొసన సముద్రం మీదికి నిలబడ్డ కొండ అంచు. వేసవి దగ్గరపడిందంటే చాలు, ఒకటే ప్రశ్న: "నార్డ్‌కాప్‌కి కారులో వెళ్దామనుకుంటున్నాం, పది రోజులు సరిపోతాయా?" అడిగేవాళ్ళలో స్వీడన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇండియా నుంచి అమ్మానాన్నల్ని రప్పించుకున్నవాళ్ళుంటారు. హైదరాబాదులో విమానమెక్కి వచ్చి ఇక్కడ కారు అద్దెకు తీసుకుందామనుకునేవాళ్ళూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా సూటిగా జవాబు. స్టాక్‌హోమ్‌లో బయల్దేరి మళ్ళీ స్టాక్‌హోమ్‌కే రావాలంటే పది రోజులు చాలవు. పదహారు రోజులుంటే హాయిగా జరుగుతుంది. అంత సెలవు దొరక్కపోతే ఏం చేయాలో కూడా కింద ఉంది.

దగ్గర ఉండాల్సినవి

- పాస్‌పోర్టు, షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా). స్వీడన్‌లో ఉండేవాళ్ళయితే రెసిడెన్స్ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా. సరిహద్దులో ఎవరూ ఆపకపోవచ్చు, అయినా దగ్గరుండాలి.
- ఇండియా లైసెన్సు, దానితో పాటు ఐడీపీ, అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఇది మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. స్వీడన్‌లో నివాసం నమోదై ఏడాది దాటినవాళ్ళకు ఇండియా లైసెన్సు అక్కడ చెల్లదు. అక్కడి లైసెన్సు తెచ్చుకోవాల్సిందే.
- పిన్ నంబరుతో పనిచేసే వీసా లేదా మాస్టర్‌కార్డ్, వీలైతే రెండు. కనీసం ఒకటి క్రెడిట్ కార్డు అయ్యుండాలి, అదీ కారు ఎవరి పేరున తీసుకుంటున్నారో వాళ్ళ పేరు మీదే. విదేశీ లావాదేవీలు ఆన్ చేసి బయల్దేరండి. రూపే కార్డును నమ్ముకోవద్దు.
- గాలి చొరబడని జాకెట్, ఉన్ని టోపీ, చేతి తొడుగులు. జులైలో కూడా నార్డ్‌కాప్‌లో పది డిగ్రీలు ఉంటే మంచిరోజే.
- కళ్ళకు కట్టుకునే నల్ల పట్టీ, దోమల మందు. మందు ఇక్కడి దుకాణాల్లోనే కొనండి. ఇక్కడి దోమలకు ఇక్కడి మందే పనిచేస్తుంది.
- ఫోనులో ముందే దించుకున్న మ్యాపులు. ఈ-సిమ్ కొనేటప్పుడు జాబితాలో నార్వే ఉందో లేదో చూడండి. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి కొన్ని ప్లాన్లు దాన్ని వదిలేస్తాయి.

1. నెల ఖాయం చేసుకోండి

అర్ధరాత్రి సూర్యుడి కోసమైతే మే మధ్య నుంచి జులై ఆఖరు లోపు వెళ్ళాలి. నార్డ్‌కాప్‌లో ఆ రోజుల్లో సూర్యుడు అస్తమించడు. దక్షిణానికి వచ్చేకొద్దీ ఈ గడువు కుదించుకుపోతుంది. ఫిన్లాండ్‌లోని రొవానియెమిలో జూన్ మొదటి వారం నుంచి జులై మొదటి వారం దాకానే. ఉత్తర కాంతులు, అదే నార్తర్న్ లైట్స్ చూడాలంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు దాకా వెళ్ళండి. రాత్రులు చీకటిపడతాయి, రోడ్ల మీద ఇంకా మంచు ఉండదు, దోమలూ పోయి ఉంటాయి. రెండూ ఒకే ట్రిప్పులో చూస్తామంటే కుదరదు.

నన్నడిగితే జూన్ చివరి పది రోజులకన్నా ఆగస్టు ఆఖరే మేలు. అమ్మానాన్నలు వెంట ఉంటే మరీను. రాత్రి పన్నెండుకు కూడా ఎండ కాస్తుంటే పెద్దవాళ్ళకు వారం రోజుల పాటు నిద్ర పట్టదు, పిల్లలు అసలు పడుకోరు.

చలికాలంలో మొదటిసారిగా వెళ్ళేవాళ్ళకు ఈ దారి వద్దంటాను. అప్పుడు నార్డ్‌కాప్‌కి చివరి 13 కిలోమీటర్లు మంచు తోసే బండి వెనక వరుసగా, చెప్పిన వేళకే వెళ్ళనిస్తారు. గాలి ఎక్కువైతే అదీ ఉండదు.

2. దారి గీసుకోండి

నేను చెప్పే దారి ఒక చుట్టు. స్వీడన్ తూర్పు తీరం వెంట ఈ-4 హైవే మీద పైకెళ్ళి, హపరాండా దగ్గర ఫిన్లాండ్‌లోకి దాటి, రొవానియెమి, ఇనారి మీదుగా నార్వేలోని కరాస్యోక్ చేరాలి. అక్కణ్ణుంచి లాక్సెల్వ్, ఓల్డర్‌ఫ్యోర్డ్ మీదుగా ఈ-69 పట్టుకుంటే అది నార్డ్‌కాప్‌లోనే ఆగుతుంది. వెనక్కి ఆల్టా, ట్రోమ్సో, నార్విక్, కిరునా మీదుగా రావచ్చు. మొత్తం సుమారు 4,200 కిలోమీటర్లు.

పూర్తిగా నార్వే వైపు నుంచే, ఓస్లోలో మొదలుపెట్టి ఈ-6 మీద వెళ్దామని చాలామందికి ఉంటుంది. అందం అటే ఎక్కువ, కాదనను. కాకపోతే రోడ్డు వంకరలు తిరుగుతూ సాగుతుంది, టోల్ పడే చోట్లు ఎక్కువ, అదే దూరానికి ఒకటిన్నర రెట్లు సమయం పడుతుంది. అందుకే వెళ్ళేటప్పుడు స్వీడన్, ఫిన్లాండ్ తిన్నని రోడ్ల మీద త్వరగా వెళ్ళిపోయి, వచ్చేటప్పుడు నార్వేలో తీరిగ్గా రమ్మంటాను.

వారం రోజులే ఉంటే స్టాక్‌హోమ్ నుంచి నడపాలన్న పట్టుదల వదిలేయండి. విమానంలో రొవానియెమికి వెళ్ళి అక్కడ కారు తీసుకుంటే నార్డ్‌కాప్ సుమారు 700 కిలోమీటర్లే. ఇంకో దారి, స్టాక్‌హోమ్‌లో రాత్రి రైలెక్కి కిరునాలో దిగి అక్కణ్ణుంచి కారులో వెళ్ళడం.

3. రోజుకెంత దూరమో లెక్క వేయండి

ప్లాన్లు చెడేది ఇక్కడే. మ్యాపులో "6 గంటలు" అని కనిపిస్తుంది. మన మనసు దాన్ని హైదరాబాదు-విజయవాడ లెక్కన చూసి "ఇంతేగా" అనుకుంటుంది. ఆ ఆరు గంటల్లో పెట్రోలు, భోజనం, టాయిలెట్, ఫొటోల కోసం ఆగడం, రోడ్డు మధ్యలో నిలబడ్డ రెయిన్‌డీర్ల మంద ఏవీ లేవు. నేను వాడే లెక్క ఇది: మ్యాపు చెప్పిన సమయానికి స్వీడన్‌లో నాలుగోవంతు కలపండి, ఉత్తర నార్వేలో సగం కలపండి. కలిపాక రోజుకు ఏడు గంటలు దాటకూడదు.

దూరాల ప్రకారం ఇలా కుదురుతుంది:

- మొదటి రోజు స్టాక్‌హోమ్ నుంచి హోగా కుస్తెన్ దాకా, సుమారు 450 కిలోమీటర్లు. ఇక్కడి వేలాడే వంతెనను 1997లో కట్టారు. వంతెన పక్కనే ఆగి కాఫీ తాగే చోటుంది.
- రెండో రోజు లూలియో, ఇంకో 450. ఇంత దూరం నడిపేది ఈ రెండు రోజులే. రోడ్డు బాగుంటుంది కాబట్టి సరిపోతుంది.
- మూడో రోజు రొవానియెమి, 260. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల అవతల ఆర్కిటిక్ వలయం గీత, శాంటా గ్రామం. పిల్లలుంటే ఇక్కడ ఒకరోజు ఆగండి. లేకపోతే అరగంట చాలు.
- తర్వాత ఇనారి, 330. ఊళ్ళో సియిదా మ్యూజియం ఉంది. ఈ ఉత్తరాది ఆదివాసులైన సామీ జనం బతుకు, రెయిన్‌డీర్ల పెంపకం గురించి తెలుసుకుని ముందుకెళ్తే ఆ తర్వాత దారిలో కనిపించేవన్నీ అర్థమవుతాయి.
- తర్వాత నార్డ్‌కాప్‌కి దగ్గరి ఊరు హొన్నింగ్స్‌వోగ్, 350. ఇక్కడ రెండు రాత్రులు. ఎందుకో కింద చెప్తాను.
- వెనక్కి ఆల్టా, 210. ప్రపంచ వారసత్వ జాబితాలోకి 1985లో ఎక్కిన రాతి చిత్రాలు ఇక్కడే ఉన్నాయి.
- ట్రోమ్సో: రోడ్డునే వెళ్తే 400 దాకా. లింగెన్ వైపు రెండు ఫెర్రీలు ఎక్కితే వంద దాకా తగ్గుతుంది. సమయం పెద్దగా ఆదా కాదు, డ్రైవర్‌కి మాత్రం విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడా రెండు రాత్రులు.
- నార్విక్ 240, మర్నాడు అబిస్కో మీదుగా కిరునా 180. గని కోసం ఊరినే పక్కకు జరుపుతున్నది ఇక్కడే. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో చక్రాల బండ్ల మీదికెక్కించి ఐదు కిలోమీటర్లు తరలించారు.
- కిరునా నుంచి స్టాక్‌హోమ్ 1,240. దీన్ని మూడు రోజులు చేయండి, ఓపిక లేకపోతే నాలుగు.

లోఫోటెన్ దీవులు కూడా చూడాలంటే నార్విక్ దగ్గర ఇంకో నాలుగు రోజులు కలపాలి. "ఒక్కరోజులో అలా వెళ్ళి చూసొస్తాం" అనేవాళ్ళకు నా సలహా ఒకటే, వెళ్ళకండి. దానికది వేరే ట్రిప్పు.

పెట్రోలు ఖర్చు ఇలా లెక్కేసుకోండి. వంద కిలోమీటర్లకు ఏడు లీటర్లు తాగే కారయితే 4,200కి దాదాపు 300 లీటర్లు. ఆ నెల స్వీడన్ రేటుతో గుణించి, నార్వే, ఫిన్లాండ్ కోసం కొంచెం పైన వేసుకోండి.

4. వీసా ఏ దేశానికి పెట్టాలి?

విమానం దిగేది స్టాక్‌హోమ్‌లో కదా అని స్వీడన్‌కే పెట్టేస్తారు. షెంగెన్ నియమం అది కాదు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి పెట్టాలి. రెండు దేశాల్లో సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. కాబట్టి పై జాబితాలో రాత్రుల్ని దేశాలవారీగా లెక్కపెట్టండి. లోఫోటెన్ కలిపితే లెక్క నార్వే వైపు మొగ్గుతుంది. హోటల్ బుకింగులు కూడా ఈ లెక్కకు సరిపోవాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి.

5. కారు బుక్ చేయండి

అడగాల్సినవి ఐదు. ఆటోమేటిక్కేనా? ఇక్కడ మాన్యువల్ కార్లు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. కుడివైపు నడపడం కొత్త, దానికి తోడు కుడిచేత్తో గేర్లంటే మొదటి రెండు రోజులు నరకమే. నార్వే, ఫిన్లాండ్‌లకు తీసుకెళ్ళడానికి రాతపూర్వక అనుమతి ఉందా? కిలోమీటర్లకు పరిమితి ఉందా? ఉంటే 4,200కి అదనపు ఖర్చెంత? రెండో డ్రైవర్ పేరు ఒప్పందంలో ఉందా? బీమా అద్దాలకు, జంతువుల్ని గుద్దిన నష్టానికి వర్తిస్తుందా?

కారును ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో అప్పజెబుతామంటే అద్దెతో సమానంగా అదనపు రుసుము పడొచ్చు. అందుకే దారిని చుట్టుగా గీశాను.

నార్వేలో ఆగి టోల్ కట్టే బూత్‌లు ఉండవు. కెమెరా నంబరు పట్టేస్తుంది, బిల్లు అద్దె కంపెనీ ద్వారా వారాల తర్వాత కార్డు మీద పడుతుంది. సొంత కారయితే ఇంటికే వస్తుంది. ఇంటికొచ్చాక కార్డు నుంచి డబ్బు కోస్తే కంగారు పడకండి. అలాగని లెక్క చూడకుండా వదలకండి.

6. బస

హోటళ్ళ కన్నా క్యాంపింగ్ స్థలాల్లోని చెక్క క్యాబిన్లు మనవాళ్ళకు బాగా కుదురుతాయి. స్వీడన్‌లో స్తూగా అంటారు, నార్వేలో హిత్త, ఫిన్లాండ్‌లో మొక్కి. వంటిల్లు ఉంటుంది. బుక్ చేసేముందు రెండు విషయాలు చదవండి: దుప్పట్లు, పక్కబట్టలు ఇస్తారా, వెళ్ళేముందు శుభ్రం ఎవరు చేయాలి. చాలాచోట్ల పక్కబట్టలు మనవే, ఊడ్చి తుడిచి వెళ్ళాల్సిందీ మనమే. చేయకపోతే డబ్బు కోస్తారు.

హొన్నింగ్స్‌వోగ్, ట్రోమ్సో నెలల ముందే నిండిపోతాయి. ముందు ఆ రెండు ఖాయం చేసుకుని మిగతావి వాటి చుట్టూ సర్దండి.

టెంటు వేసుకునేవాళ్ళకు ఇక్కడ హక్కుంది. నార్వేలో మనుషులుండే ఇంటికి 150 మీటర్ల దూరం పాటిస్తే బయలు ప్రదేశంలో వేసుకోవచ్చు. ఆ హక్కు నడిచి వెళ్ళేవాళ్ళది. కారును రోడ్డు దింపి గడ్డిలోకి తోలడానికి కాదు.

7. తిండి

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకు ముఖ్యమైన హెచ్చరిక: పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, ఇంకే మాంసం పచ్చడైనా వదిలేయండి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, ఎండు మసాలాలు తెచ్చుకోవచ్చు.

బియ్యం, పప్పు, కూరగాయలు ఐకా, కోప్, రెమా, ఎస్-మార్కెట్ లాంటి దుకాణాల్లో దొరుకుతాయి. పెరుగన్నానికి పది శాతం కొవ్వున్న టర్కిష్ పెరుగు తీసుకోండి. మజ్జిగకు దగ్గరగా ఉండేది ఫిన్లాండ్‌లో పీమా. నార్వేలో ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోండి.

క్యాబిన్‌లో పోపు వేసేముందు కిటికీ తెరిచి, తలుపు కూడా ఓరగా తీయండి. గది చిన్నది, పొయ్యి మీదే పొగ అలారం. ఎండుమిర్చి చిటపటలాడిన క్షణంలో అది మోగిందంటే క్యాంపింగ్ మొత్తం నిద్రలేస్తుంది.

8. రోడ్డు మీద

హెడ్‌లైట్లు పగలూ రాత్రీ వేసే ఉండాలి. మద్యం విషయంలో స్వీడన్, నార్వేల్లో పరిమితి 0.2 ప్రొమిల్ (రక్తంలో వెయ్యింట 0.2 వంతు), ఒక్క బీరుకే దాటిపోవచ్చు. అసలు ముట్టుకోకండి. వేగం విషయంలో నార్వే జరిమానాలు ప్రసిద్ధం. ఫిన్లాండ్‌లో పరిమితిని 20 కిలోమీటర్లకు మించి దాటితే జరిమానా మీ ఆదాయాన్ని బట్టి వేస్తారు. నార్వేలో కొన్నిచోట్ల రెండు కెమెరాల మధ్య సగటు వేగం చూస్తారు, కెమెరా దగ్గర బ్రేకు వేసినంత మాత్రాన తప్పించుకోలేరు.

పెట్రోలు సగానికి రాగానే నింపండి. ఇనారి, కరాస్యోక్, లాక్సెల్వ్, హొన్నింగ్స్‌వోగ్‌లను వదలొద్దు. డీజిల్ కారయితే పంపు మీద పేరు చదవండి. నార్వేలో "ఆవ్‌గిఫ్ట్స్‌ఫ్రీ", ఫిన్లాండ్‌లో "పొల్ట్తోఓల్యు" అని ఉన్నది రంగు కలిపిన, పన్ను లేని డీజిల్. అది ట్రాక్టర్లకూ యంత్రాలకూ. చవగ్గా ఉంది కదా అని కారులో పోస్తే జరిమానా.

ఇక రెయిన్‌డీర్లు. రొవానియెమి దాటాక ఇవి అడవి జంతువుల్లా కాదు, మన ఊళ్ళో గేదెల్లా ప్రవర్తిస్తాయి. హారన్ కొట్టినా కదలవు, కదిలినా పక్కకు పోకుండా కారు ముందే రోడ్డు వెంట పరిగెడతాయి. ఎండాకాలంలో పురుగుల బాధ తప్పించుకోవడానికి గాలి తగిలే రోడ్డెక్కి నిలబడతాయి, చల్లగా ఉంటుందని సొరంగాల్లోకీ వస్తాయి. ఒకటి కనిపించిందంటే వెనక ఇంకా ఉన్నాయనే అర్థం. వేగం బాగా తగ్గించండి, హజార్డ్ లైట్లు వేసి వెనకొచ్చేవాళ్ళకు చెప్పండి, ఓపిగ్గా ఆగండి. ప్రతి రెయిన్‌డీర్‌కీ యజమాని ఉంటాడు, చెవి మీద కోత గుర్తుంటుంది. తగిలిందంటే వెళ్ళిపోవద్దు, 112కి ఫోన్ చేయండి. ఈ మూడు దేశాల్లోనూ అదే నంబరు.

మూస్ అనే పెద్ద జాతి జింక అంతకన్నా ప్రమాదం. కాళ్ళు పొడుగు, ఒళ్ళు 400 కిలోలు దాటొచ్చు. గుద్దితే కాళ్ళు విరిగి ఒళ్ళు నేరుగా ముందు అద్దం మీద పడుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం పొద్దు వాలాక స్వీడన్ అడవుల్లో నడపడం మానుకోవడమే మందు.

9. నార్డ్‌కాప్ రోజు

నార్డ్‌కాప్ ఉన్న మాగెరోయా దీవికి చేర్చే సొరంగం 1999లో తెరిచారు. దాదాపు ఏడు కిలోమీటర్లు, సముద్రమట్టానికి 212 మీటర్ల కిందికి దిగి మళ్ళీ ఎక్కుతుంది. టోల్ 2012లోనే ఎత్తేశారు. పాత బ్లాగులు చూసి కంగారు పడకండి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచండి.

ఇక్కడ రెండు రాత్రులు ఎందుకన్నానంటే, పొగమంచు. 307 మీటర్ల కొండ అంచున నిలబడి, మూడు అడుగుల అవతల ఏమీ కనిపించక తిరిగొచ్చినవాళ్ళు ఎందరో. రెండు సాయంత్రాలుంటే రెండు అవకాశాలు. నార్వే వాతావరణ శాఖ నడిపే "వై-ఆర్" యాప్‌లో గంటగంటకూ మబ్బు ఎంతుందో చూసి బయల్దేరండి. హొన్నింగ్స్‌వోగ్‌లో ఎండ కాస్తోంది కదా అని పైన కూడా కాస్తుందని అనుకోవద్దు, ముప్పావు గంట దూరంలో వేరే వాతావరణం. పార్కింగ్, అక్కడి సందర్శకుల హాలు టికెట్ల ధరలు, వేళలు నార్డ్‌కాప్ సైట్లో చూసుకోండి.

అర్ధరాత్రి సూర్యుడి ఫొటో కోసం పన్నెండింటికి తీసి వచ్చేస్తారు. నిజానికి సూర్యుడు అట్టడుగుకు దిగేది 12:20 ప్రాంతంలో. ఆ తర్వాత కాసేపు ఆగితే బస్సులన్నీ వెళ్ళిపోయి, కొండ అంచున ఉన్న ఇనుప గోళం దగ్గర జనం పల్చబడతారు.

ఓపిక ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి: నార్డ్‌కాప్ ఈ దీవిలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న చోటు కాదు. పక్కనున్న క్నివ్‌షెల్లోడెన్ ఇంకొంచెం ముందుకు పొడుచుకుని ఉంటుంది. అక్కడికి రోడ్డు లేదు, ఈ-69 మీద కారు పెట్టి రానూపోనూ 18 కిలోమీటర్లు నడవాలి. పెద్దవాళ్ళను హోటల్లో ఉంచి ఒక పూట కేటాయిస్తేనే సాధ్యం.

తరచుగా జరిగే పొరపాట్లు

ఫిన్లాండ్ గడియారం స్వీడన్, నార్వేల కన్నా గంట ముందు. సరిహద్దు ఊళ్ళలో ఫోను అవతలి టవర్‌ని పట్టుకుని టైము మార్చేస్తుంది. చెకిన్ వేళలు, మ్యూజియం మూసే వేళలు చూసుకునే రోజు ఫోనులో ఆటోమేటిక్ టైము ఆపేయండి.

రెండోది, అన్ని రాత్రులూ కొత్త ఊళ్ళో పెట్టుకోవడం. రోజూ సామాను దించి ఎక్కించడమే అయిదో రోజుకు కొట్లాట తెస్తుంది. వారానికి ఒకచోటయినా రెండు రాత్రులుండాలి.

మూడోది, డ్రైవర్ ఒక్కరే కావడం.

ప్లాన్ సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి

కాగితం మీద ఒక్కో రోజుకు ఒక్కో గీత గీసి, మ్యాపు సమయం, కలిపిన సమయం, బస, పెట్రోలు ఊరు రాయండి. ఇప్పుడు మధ్యలో ఏదో ఒక రోజును కొట్టేయండి: కారు టైరు పోయిందనో, అమ్మకు జ్వరమనో. ఆ ఒక్కరోజు పోయినా మిగతావి కదలకుండా వెనక్కి వచ్చే విమానం అందుతుందంటే ప్లాన్ నిలబడుతుంది. అందకపోతే స్టాక్‌హోమ్ వైపు తిరుగు దారిలో ఒక ఖాళీ రోజు చేర్చండి, లేదంటే ట్రోమ్సోలో ఒక రాత్రి తగ్గించండి. హొన్నింగ్స్‌వోగ్‌లో మాత్రం తగ్గించొద్దు.

బయల్దేరే ముందురోజు స్వీడన్, ఫిన్లాండ్, నార్వే రోడ్ల శాఖల సైట్లు ఒకసారి తెరవండి. వేసవిలోనే ఇక్కడ రోడ్ల మరమ్మతులన్నీ చేస్తారు. ఉత్తరాన ఒక రోడ్డు మూసేశారంటే చుట్టు తిరిగే దారి వంద కిలోమీటర్లకు పైనే ఉండొచ్చు.